వెనక తాడు

దీవిలో ఉన్న చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయని నర్సమ్మకు కబురు అందేసరికి చీకటి పడింది. సముద్రం వెనక్కి తగ్గిన కాసేపే బురద మీదుగా అక్కడికి నడిచి వెళ్లగలరు. నర్సమ్మ సంచీ భుజాన వేసుకుని, దారి తెలిసిన ముసలి జాలరి వెంట బయలుదేరింది.

"బిడ్డ నీ కోసం ఆగుతుందేమో గానీ, సముద్రం పోటు ఆగదమ్మా. గబగబా రా," అన్నాడాయన లాంతరు ఎత్తి.

ఇద్దరి నడుములకూ ఒకటే తాడు. మిగిలిన బారెడూ నర్సమ్మ వెనక బురదలో ఈడ్చుకుంటూ వస్తోంది. పదడుగులకోసారి ముసలాయన తాడు లాగుతాడు. ఆమె తిరిగి లాగితే, బురదలో కూరుకుపోలేదని ఆయనకు ధైర్యం.

సగం దూరం వెళ్లాక గాలి పడిపోయింది. నడుము దగ్గర తాడు కదిలింది. చెల్లెలి ధ్యాసలో ఉన్న నర్సమ్మ అలవాటుగా తిరిగి లాగింది.

"పిలవకుండానే పలుకుతున్నావేంటమ్మా?" ముసలాయన నవ్వాడు.

"నువ్వేగా తాతా లాగింది?"

"నేనా? లేదే."

తాడు మళ్లీ కదిలింది. ఈసారి ఆమెకు తెలిసింది. లాగింది వెనక నుంచి.

"రాయికి తగులుకుందేమో."

"ఈ బురదలో రాయెక్కడిది తల్లీ!"

ఆయన నవ్వు ఆగిపోయింది. నర్సమ్మ పాదాలకు చల్లగా నీళ్లు తగిలాయి. ముందు, లాంతరు వెలుగులో, ముసలాయన వేళ్లు తన నడుము ముడి విప్పుకుంటున్నాయి.

"తాతా, ఏం చేస్తున్నావు?"

ఆయన తలెత్తలేదు. ఎదురుగా దీవిలో చెల్లెలి ఇంటి దీపం కనిపిస్తూనే ఉంది. వెనక తాడు మెల్లగా బిగుసుకుంది.