గురువారం వంతు

"సంతకం ఇవాళ పెట్టకమ్మా."

ముసలాయన కాగితం మీద అరచెయ్యి వేసి అన్నాడు.

ఒతీలియా చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఆపిల్ షెడ్డులో భోజనాల వేళ. కాయల్ని మోసే బెల్టు ఆగింది. ఆడవాళ్ళు చిక్కుడు గింజల కూర డబ్బాలు విప్పుకున్నారు. ప్రైవేటు బీమా కంపెనీ కుర్రాడు లియాండ్రో బల్ల మీద కాగితాలు పరిచి ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు.

"తమరెవరు పెద్దాయనా?" అన్నాడు లియాండ్రో.

"ఈమెతో ఒక మాట చెప్పి పోతా. బయటికి రా తల్లీ."

ఒతీలియా ఆయన్ని గుర్తుపట్టింది. ప్రభుత్వాసుపత్రి వరండాలో బెంచీ మీద రెండుసార్లు చూసింది.

పిత్తాశయంలో రాళ్ళు. ఆపరేషను కోసం ప్రభుత్వ బీమా జాబితాలో పేరెక్కి పద్నాలుగు నెలలు. ఈ సంగతి షెడ్డులో ఎవరికీ తెలియదు. బీమా కుర్రాడికి అసలు తెలియకూడదు. తెలిస్తే ఆ జబ్బుకు పైసా రాదు.

"ఏదైనా ఉంటే ఇక్కడే చెప్పండి," అంది, బయటికి వెళితే లియాండ్రోకి అనుమానం వస్తుందన్న భయంతో.

"ఇక్కడ చెప్పేది కాదు."

లియాండ్రో నవ్వాడు.

"అర్థమైంది. ప్రభుత్వ బీమా గొప్పలు చెప్పడానికొచ్చారు. వాళ్ళది క్యూ, మాది తలుపు. వైద్య బీమాకని జీతంలో వందకు ఏడు ఎలాగూ కోస్తారు. అది ఎవరికి పోవాలో ఆమె ఇష్టం. ఆమె చెమట అది."

"ఆమె ఇష్టమే. నేను కాదన్నానా? కానీ నువ్వూ ఏరుకుంటావు కదా నాయనా, ఈ ఆపిల్ పళ్ళలాగా. మచ్చ ఉన్నది పక్కకి."

ఎవరో కిసుక్కున నవ్వారు.

పక్క బల్ల దగ్గర మిరెయా నవ్వలేదు.

"మా మామయ్య మీ క్యూలో మూడేళ్ళున్నాడు తాతా. ఆయన పోయి ఏడాదైందని చర్చిలో ప్రార్థన చేయిస్తుంటే ఫోనొచ్చింది, ఆపరేషనుకి రమ్మని."

ముసలాయన తల దించుకున్నాడు.

"నిజమేనమ్మా. అలాంటివీ జరిగాయి."

లియాండ్రో అదను చూసి కాగితం లాక్కున్నాడు.

"ఆఖరి ప్రశ్న. డాక్టరు చెప్పిన జబ్బు ఏమైనా ఉందా మీకు?"

"లేదు."

ముసలాయన ఆమె వంక చూశాడు. ఆమె ఆయన పెదవుల వంకే చూస్తోంది. అవి కదిలాయి. మళ్ళీ మూసుకున్నాయి.

"ఒక్క నిమిషం బయటికి రా. బతిమాలుతున్నా."

ఇంకో మాట అంటే అంతా బయటపడుతుంది.

"ఈయనెవరో నాకు తెలియదు," అంది ఒతీలియా గొంతు పెంచి. "వారం నుంచి వెంటపడుతున్నాడు. పంపించెయ్యండి."

మేస్త్రీ లేచి వచ్చి ముసలాయన జబ్బ పట్టుకున్నాడు.

"ఈ వయసులో ఇదేం బుద్ధి పెద్దాయనా? నడువు."

ముసలాయన పెనుగులాడలేదు. తలుపు దగ్గర మాత్రం వెనక్కి తిరిగాడు.

"ఐదింటిదాకా గేటు దగ్గరే ఉంటానమ్మా."

ఒతీలియా సంతకం పెట్టింది. పని దిగాక వెనక గేటు నుంచి ఇంటికి వెళ్ళింది.

సరిగ్గా ఎనిమిదో రోజు, బెల్టు దగ్గర నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే వంగిపోయింది. కుడి పక్కటెముక కింద కత్తి దిగినట్టు నొప్పి.

మిరెయా పళ్ళ ట్రక్కులో ఎక్కించి ముందు లియాండ్రోకి ఫోను చేసింది.

"ఆవిడ బీమా ఒకటో తారీఖు నుంచి కదండీ," అన్నాడు. "ఇంకా తొమ్మిది రోజులుంది."

ట్రక్కు ప్రభుత్వాసుపత్రికే తిరిగింది.

సూది వేశాక నొప్పి కాస్త తగ్గింది. ఆపరేషన్ల జాబితా చూసే ఆవిడ మంచం దగ్గరికి వచ్చింది.

"ఒతీలియా సెపుల్వెదా మీరేనా? మొన్న గురువారం ఎక్కడికి పోయారమ్మా?"

"గురువారమా?"

"మీ ఆపరేషను. థియేటరు ఖాళీగా పోయింది."

"నాకెవరూ ఫోను చెయ్యలేదే."

"ఆరుసార్లు చేశాం. నెంబరు పనిచెయ్యడం లేదు."

ఒతీలియాకి గుర్తొచ్చింది. చలికాలంలో నెంబరు మార్చింది. ఆసుపత్రిలో చెప్పలేదు.

"అందుకే మనిషిని కూడా పంపాం. మీరు దొరకలేదని రాసుకొచ్చాడు. పదకొండేళ్ళలో ఆయనకు దొరకని మనిషి లేడు. మంచు పడ్డాక కొండ మీద గొర్రెల వాళ్ళని కూడా పట్టుకొచ్చాడు."

"ఆయన ఒకవేళ… నేనే వద్దన్నానని రాసి ఉంటే?"

"పేరు కొట్టేసేవాళ్ళం. రూలు అది. దొరకలేదన్నాడు కాబట్టి పేరు ఉంది. ఈ తొమ్మిది రోజుల్లో ఎవరైనా మానుకుంటే మీకు చోటు. ఒకటో తారీఖు నుంచి ప్రైవేటు బీమాకి మారుతున్నారట, మీ వెంట వచ్చినావిడ చెప్పింది; ఆ తర్వాత మీరు మా మనిషి కారు."

"ఆయన్ని ఒకసారి చూడాలి."

"లేడమ్మా. ఒక రోగి వివరం ఇంకొకరి ముందు అనేవాడు కాదు, అంత నమ్మకస్తుడు. కానీ థియేటరు ఖాళీగా పోయిందని పైనుంచి అడిగారు. మనిషిని వెతకలేని ముసలాడెందుకని శుక్రవారం పని మాన్పించారు. ఎక్కడికి వెళ్ళాడో తెలియదు."

ఆవిడ ఫైలులోంచి ఒక చిన్న కాగితం తీసి మంచం మీద పెట్టింది.

వంకర అక్షరాలు. మంగళవారం తేదీ.

"ఆపిల్ షెడ్డులో భోజనాల వేళ వెతికాను. ఐదింటిదాకా గేటు దగ్గర చూశాను. మనిషి కనబడలేదు. తప్పు నాది."