తడిపి చూపించండి

"పొడిరాయి అబద్ధమాడుతుంది, జెనీల్డా!" వాల్మోర్ కాఫీ కప్పును బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"తడిపితే నిజం కక్కుతుంది. పెళ్లయినప్పట్నుంచీ అన్నంతో పాటు అదే తింటున్నా. కదలకు!"

ఆమె అతని బొటనవేలికి గుడ్డ చుడుతోంది. రొట్టె కోయబోయి వేలు కోసుకున్నాడు. ఇంట్లో ప్లాస్టర్ లేదు. తన పాత గౌనులోంచి చింపిన పీలిక అది. పసుపు మీద ఎర్రపూలు.

"ఈ పూలగుడ్డతో వెళ్తే రాళ్ల యార్డంతా నవ్వుతుందే."

"నవ్వనీ. యంత్రానికి భయపడి చెయ్యి వణికిందని నేను చెప్పనులే, ముసలోడా."

భయం ఉన్న మాట నిజమే. కషొయేరో ఊళ్లో గ్రానైట్ కొనేవాళ్లలో వాల్మోర్ కన్ను తెలియనివాళ్లు లేరు. పాలిషై వచ్చిన పలకను చూసి మొదటి రకమో, రెండో రకమో, పారేయాల్సిందో చెప్పేస్తాడు. ఇప్పుడు ఆ పని చేసే యంత్రం వచ్చింది. దానికి కెమెరా ఉంది, కృత్రిమ మేధ ఉంది. జీతం, సెలవులు అక్కర్లేదు. ఈ ఉదయం ఇద్దరికీ పోటీ.

"గెలిస్తే యంత్రం ఇంటికి. ఓడితే నేను ఇంటికి," అన్నాడు. "ఈ వయసులో నాకింకెవడిస్తాడు పని?"

"నువ్వింటికొస్తే నేను వీధిలోకి పోతా. వెనకగదిలో నా కంప్యూటర్ పని నాకుంది."

ఆ పనేమిటో అతనికి తెలీదు. బయటికి చెప్పకూడదని ఒప్పందమట. ఏ చెప్పుల కంపెనీ వాళ్లకో ఉత్తరాలు రాస్తోందని అతని ఊహ.

*

యార్డులో పని ఆగిపోయింది. అందరూ పోటీ దగ్గరే ఉన్నారు. బీరు పందాలు కూడా కాసేశారు.

యంత్రాన్ని తెచ్చినవాడు ఎవాండ్రో. సావో పావులో నుంచి వచ్చాడు. రాతిపొడిలో తెల్లబూట్లతో తిరిగే ధైర్యవంతుడు.

"ఒక్క ప్రశ్న," అంది యజమానురాలు దోనా ఓల్గా. "నిన్న భోజనాల వేళ నత్తలా నడిచిందేం ఇది?"

"సర్వర్ వేడెక్కింది మేడమ్."

"ఆకలేసిందేమో!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. యార్డు గొల్లుమంది.

పోటీ మొదలైంది. పలక వస్తుంది. వాల్మోర్ చూసి చాక్‌పీసుతో గుర్తు పెడతాడు. కెమెరా మెరుస్తుంది. తెరమీద చక్రం తిరుగుతుంది. తీర్పు వస్తుంది. ప్రతిసారీ ఇద్దరిదీ ఒకే మాట.

ఒక బూడిదరంగు పలక దగ్గర తెరమీద కొత్త వాక్యం వచ్చింది.

'తడిపి చూపించండి.'

వాల్మోర్ ఉలిక్కిపడ్డాడు. "ఇది దీనికెవడు నేర్పాడు?"

"దానంతటదే నేర్చుకుంటుంది వాల్మోర్ గారూ. కృత్రిమ మేధ అంటే అదే!" అన్నాడు ఎవాండ్రో. అతని మొహంలో కూడా కాస్త ఆశ్చర్యం లేకపోలేదు.

చివరి పలక వచ్చింది. నల్లరాయి, తెల్లటి చారలు. ఆ చారల మధ్య ఏటవాలుగా వెంట్రుకలాంటి గీత ఒకటి. చార అయితే రాయికి అందం. బీట అయితే రాయికి చావు.

"ఇద్దరూ సమానం. దీంతో తేలిపోవాలి," అంది దోనా ఓల్గా.

'తడిపి చూపించండి.'

గొట్టంతో నీళ్లు కొట్టారు. వాల్మోర్ పలక అంచు పట్టుకుని ముక్కు ఆనేంతగా వంగాడు. కెమెరా మెరిసింది.

"చెయ్యి తియ్యండి సార్! ఫోటోలో పడింది," అన్నాడు ఎవాండ్రో.

"పడనీ. అందమైన చెయ్యే కదా."

నీళ్లు ఆరుతున్నాయి. రాయంతా ఆరింది. ఆ గీత మాత్రం ఇంకా తడిగానే ఉంది.

"బీట," అన్నాడు వాల్మోర్.

తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. తిరుగుతూ, తిరుగుతూ...

"నిద్రపోయిందయ్యా నీ మేధ! జోలపాట ఆపండ్రా!"

ఎవాండ్రో మెడ తుడుచుకున్నాడు. "లోతుగా విశ్లేషిస్తోంది."

చిట్టచివరికి తీర్పు వచ్చింది. 'సహజమైన చార. మొదటి రకం.'

"లేపండి," అంది దోనా ఓల్గా.

క్రేన్ పలకను నడుమెత్తు లేపింది. ఫట్‌మంది. గీత వెంబడే పలక రెండు ముక్కలై కిందపడింది.

యార్డు దద్దరిల్లింది. వాల్మోర్‌ని భుజాల మీదికెత్తారు. ఎవాండ్రో తెల్లబూట్ల మీద రాతిబురద చిందింది.

*

సాయంత్రం వాల్మోర్ పాడుకుంటూ ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే మాడువాసన.

"ఇల్లు తగలబెట్టావా?"

"చిక్కుడుగింజలు. పొద్దున పొయ్యిమీద పెట్టి మర్చిపోయా. ఇంకా పోలేదు వాసన. ఏమైంది, గెలిచావా?"

"గెలవడమా! తొక్కేశాను!" నిలబడే కథంతా చెప్పాడు. "ఎంతయినా యంత్రం యంత్రమే జెనీ! కళ్లెదుట ఉన్న బీటను పట్టుకుని చార అంటుందా! నీకైనా తెలిసేది!"

"నాకేం తెలుసు రాళ్ల గురించి," అందామె.

"వెనకగది చీకటిగా ఉందేం? పనిలేదా ఇవాళ?"

"తీసేశారు. ఒక్క తప్పు చేశా. వాళ్లు ఒక్కటి కూడా ఒప్పుకోరు."

"నువ్వు తప్పు చేశావా? నా చొక్కా మీద ఆవగింజంత మరక కూడా వదలవే!" అతను జాలిగా ఆమె తల నిమిరాడు. "పోనీలే. నా ఉద్యోగం ఉందిగా."

"ఉందిగా," అందామె. "ఆ వేలిటివ్వు, గుడ్డ మారుస్తా."

గట్టిపడిన ముడి విప్పుతూ ఆమె ఆ ఎర్రపూల వంక చూసి నవ్వుకుంది. పొద్దున వెనకగదిలో తన కంప్యూటర్ తెరమీద, తడిసిన నల్లరాతి పలక అంచున, ఆ పూలు కనబడకపోయి ఉంటే ఆమె 'బీట' అనే నొక్కి ఉండేది.