పట్టాలు తుడిచే బండి

"అక్కా, నీ పాత కంబళి ఒక మూల కత్తిరించాను. ఏమీ అనుకోకు."

గడియారాల మెకానిక్ పెరట్లో గొంతుక్కూర్చుని ఫోన్లో చెప్పాడు. 'ఇది నా ఇల్లు' అని అతను నోరు జారిన రోజునే అక్క సంచి సర్దుకుని చెల్లెలింటికి వెళ్ళిపోయింది. ఆర్నెల్ల తరవాత అతను ఆమెకు ఫోన్ చేయడం ఇదే మొదలు.

"కంబళితో నీకేం పని?" అంది అక్క.

"పెరట్లో నా బొమ్మరైలు నాలుగడుగులకోసారి ఆగిపోతోంది. పట్టాలకి జిడ్డు పడితే కరెంటు అందదుగా! అందుకని ఒక పెట్టె అడుగున కంబళి ముక్క అంటించి, పైన బరువు పెట్టి, రైలు వెనక తగిలించాను. తుడుచుకుంటూ పోతుంది. పదేళ్ళలో ఒక్కసారీ ఆగలేదక్కా, కొన్ని నెలలుగా ఏం రోగమో!"

"చెట్టు కింద మలుపులో బంక కారుతుంది. అక్కడ గట్టిగా రుద్దాలి" అంది అక్క.

"నీకెలా తెలుసు?"

"నువ్వు నిద్ర లేచేలోపు రోజూ తుడిచింది ఎవరనుకున్నావు?"

ఆ రైలును చూసినప్పుడల్లా ఆమె మూతి ముడిచేది. అది ఆగకుండా తిరుగుతున్నది తన పనితనం వల్లేనని అతను ఇన్నాళ్ళూ మురిసిపోయాడు.

"ఇంతకీ నీ తుడిచే బండి పనిచేస్తోందా?"

అతను తలెత్తి చూశాడు. రైలు కొత్త పెట్టెను లాక్కుంటూ, చెట్టు కింద మలుపు దాటి, ఎక్కడా తడబడకుండా అతని వైపే వస్తోంది.

"లేదక్కా" అన్నాడు. "నా ఒక్కడి వల్ల కావడం లేదు."