ఆ గోధుమరంగు

"బాబూ, దీన్ని ఇంకా కడగాలి."

ఫొటోగ్రాఫర్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. షాపు గోడకున్న పాత ఫొటో ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చంకలో గొడుగు, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా.

"కడగడానికి అదేమన్నా కంచమా పెద్దాయనా?"

ముసలాయన నొచ్చుకోలేదు. ఫొటోని హైపో అనే మందులో ముంచుతారనీ, తర్వాత ఆ మందు పోయేదాకా నీళ్ళలో కడగాలనీ నిదానంగా చెప్పాడు. సరిగా కడగకపోతే అది కాగితంలోనే తిష్ఠవేసి బొమ్మని కొద్దికొద్దిగా తినేస్తుందట. ఆ గోధుమరంగు అలా వచ్చిందేనట.

ఫొటోగ్రాఫర్‌కి ఒళ్ళు మండింది.

మండదూ మరి! ఆ రంగు కోసమే ఏడాదిగా తల బద్దలు కొట్టుకుంటున్నాడు.

పాత సామాన్ల కొట్లో ఫ్రేముతో సహా దొరికిన ఫొటో అది. ఇసుక దిబ్బలు, వాటి మీద గాలి గీసిన చారలు, వట్టి ఆకాశం, ఓ మూల ఒరిగిన గుడారం. అంతకుమించి ఏమీ లేదు. కానీ చూస్తూంటే గొంతు ఎండుకుపోతుంది. అది చూశాకే అతను కెమెరా భుజాన వేసుకుని ఎడారికి వెళ్ళాడు. ముప్ఫై ఫొటోలు తెచ్చాడు. ఇప్పుడు వాటికి పాతదనం తెప్పిస్తున్నాడు. మరకలు పెట్టాడు, గీతలు గీశాడు, అంచులు మాసిపోయేలా చేశాడు.

ఫ్రేములు కట్టేది అతని బావే. "కొత్త బిందె కొని సొట్టలు పెట్టుకుంటున్నట్టుంది బావమరిదీ నీ వ్యవహారం" అని రోజూ ఏడిపించేవాడు.

అన్నీ కుదిరాయి గానీ రంగు కుదరలేదు. ఓసారి టీ రంగు, ఓసారి తుప్పు రంగు. చూస్తే ప్రదర్శనకి ఇంక మూడు వారాలే ఉంది. ఇరవై ఏళ్ళు పాస్‌పోర్టు ఫొటోలు తీసిన మనిషికి అది మొట్టమొదటి ప్రదర్శన. అలాంటి రంగుని ఎవరో దారినపోయే దానయ్య వచ్చి జబ్బంటే ఊరుకుంటాడా?

ముసలాయన మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

ఫొటో ఒక్క పూట ఇస్తే కడిగి, నీడన ఆరబెట్టి తెచ్చిస్తానన్నాడు. కావాలంటే పక్కనే కూర్చుని చూసుకోమన్నాడు.

"రంగు పోతే?"

"ఇప్పుడున్న రంగు ఎక్కడికీ పోదు బాబూ. ఇకముందు బొమ్మ పోకుండా ఉంటుంది."

ఫొటో కింద ఫొటోగ్రాఫర్ ఒక కార్డు అంటించి ఉంచాడు. వందేళ్ళ నాటిది, తీసినవారెవరో తెలియదు అని. ముసలాయన దాన్ని రెండుసార్లు చదివాడు.

"వందేళ్ళా?" అన్నాడు. "అంత పాతగా కనబడుతోందన్నమాట" అని నవ్వాడు.

నాలుగోరోజు ఫొటోగ్రాఫర్ ఓపిక చచ్చిపోయింది. ప్రదర్శన అయ్యేదాకా ఇటు రావద్దని మొహం మీదే చెప్పేశాడు. ముసలాయన బల్ల మీది పెన్సిల్ అడిగి తీసుకుని, చీటీ మీద ఏదో రాసిపెట్టి, గొడుగు సర్దుకుని వెళ్ళిపోయాడు.

"ఒక పూటేగా, ఇచ్చి చూడకపోయావా" అన్నాడు బావ.

ఫొటోగ్రాఫర్ చీటీని సొరుగులో పడేశాడు.

చివరి వారంలో రంగు కుదిరింది. ప్రదర్శన బాగా జరిగింది. ముప్ఫై కొత్త ఫొటోల మధ్య పాతదాన్ని పెడితే ఏది పాతదో చెప్పలేకపోయారు జనం. అతనికి అంతకంటే ఏం కావాలి? రెండు పేపర్లలో పేరు పడింది. పాస్‌పోర్టు ఫొటోలకి వచ్చేవాళ్ళు కూడా అతనితో కాస్త మర్యాదగా మాట్లాడసాగారు.

వానలు మొదలయ్యాయి. గోడలు చెమ్మగిల్లాయి.

వానలు వెలిసిన ఒక ఉదయం దుమ్ము తుడుస్తూ చూస్తే పాత ఫొటోలో గుడారం లేదు. ఇసుక మీది చారలు లేవు. దిబ్బలు పలచటి పసుపు మరకల్లా మిగిలాయి. ఉన్న కాస్తా కూడా పోయేలా ఉంది.

అతను సొరుగంతా తిరగేసి చీటీ పట్టుకున్నాడు. 'దయచేసి కడగాలి. ఆలస్యం చేయకండి' అని ఉంది. 'కడగాలి' కింద రెండు గీతలు. దాని కింద ఫోన్ నంబరు.

ఫోన్ ఎత్తింది ఆయన కూతురు.

"ఫొటో షాపు వారా? నాన్న పోయి నెల దాటిందండీ." అంది ఆమె. "మీరు పిలుస్తారని ఫొటో కడిగే పళ్ళేలు తోమి బోర్లించుకున్నారు. అవి ఇంకా అలాగే ఉన్నాయి."

ఫొటోగ్రాఫర్‌ ఫోన్ పెట్టేసి చీటీ పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

బావ వచ్చి, లోపల చెమ్మ పట్టిందేమో చూద్దామని ఫ్రేము వెనక మేకులు ఊడదీశాడు. కొన్నాక దాన్ని విప్పడం అదే మొదటిసారి. అట్ట తీసి, ఫొటో వెనక్కి తిప్పి, బావమరిది ముందు పెట్టాడు.

వెనక పెన్సిల్‌తో యాభై రెండేళ్ళ కిందటి తేదీ వేసి ఉంది. దాని కింద, 'నీళ్ళు తాగడానికే చాలలేదు. ఇంటికి చేరాక మళ్ళీ కడగాలి' అని ఉంది.

'కడగాలి' కింద రెండు గీతలు, అతని చేతిలోని చీటీలో ఉన్నట్టే.