తడిగుడ్డ

ఫ్రాన్సు మీద గెలిచాక మా దేశంలో పది ఇళ్ళున్న ఊరికి కూడా ఒక కంచు వీరుడు కావలసి వచ్చాడు. శిల్పిని, నా పొట్ట గడిచేది వాళ్ళ గొప్పల మీదే కాబట్టి నోరు మూసుకుని చేసిపెడుతున్నాను.

కంచు పోసే ముందు మట్టి నమూనాను ఊరి పెద్ద చూసి ఒప్పుకోవాలి. ఆ రోజు మేయర్ డెట్మెరింగ్ గారు భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. నమూనాలో విజయదేవత కాళ్ళ దగ్గర పడి ఉన్న సైనికుణ్ణి చూసి మొహం చిట్లించారు.

"ఏంటయ్యా వీడు? వీరుడిలా లేడు, వారం రోజులు విరేచనాలై పోయినవాడిలా ఉన్నాడు."

"అలాగే పోయాడండీ. జ్వరం, విరేచనాలు. యుద్ధంలో మెట్జ్ ఊరి దగ్గర సైనికుల ఆసుపత్రిలో రోగుల్ని మోసేవాణ్ణి కదా. ఎవరో పేరు తెలీని కుర్రాడు. పోయాక ప్లాస్టర్ పోసి ముఖం అచ్చు తీశాను, ఆ ముఖమే ఇది."

"తీసెయ్. మా హార్ట్‌విగ్ గుర్రం మీద, కత్తి ఎత్తి, నవ్వుతూ పోయాడు. అలాంటి మొహం పెట్టు."

"మీరు చూశారాండీ?"

"చూడాలా? వాడు నా కొడుకు. నాకు తెలీదా?"

మట్టి ఎండకుండా నేను కప్పే తడిగుడ్డ పక్కనే ఉంది. మేయర్ గారి భార్య మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని బకెట్లో ముంచి పిండి, మడతపెట్టి ఆ మట్టి నుదుటి మీద వేసింది.

"ఒళ్ళు కాలిపోతుంటే పక్కన ఎవరూ లేరా నాన్నా?" అంది మెల్లగా.

వెనకాల ఆయన, కొత్త ముఖానికి మీసం ఎంత మెలితిప్పాలో చెబుతూనే ఉన్నారు.