మూరెడు చేప

"వదిలెయ్యండి సార్, మూరకు తక్కువుంది," అన్నాడు చెరువు గార్డు.

శాసనసభ్యుడు గాలానికి వేలాడుతున్న జానెడు చేపను లేకలేక పుట్టిన బిడ్డను చూసినట్టు చూశాడు. ఆయన గాలానికి పడిన మొట్టమొదటి చేప అది. మూరకు తగ్గితే పట్టకూడదన్న చట్టమూ ఆయన తెచ్చిందే.

"అసలు ఈ చెరువులో మూరెడు చేప ఎవరికైనా పడిందటయ్యా?"

"మీకేగా సార్. ప్రతి ఆదివారం పట్టుకెళ్తానని మీరు సభలో చెప్పబట్టేగా ఆ కొలత పెట్టారు."

శాసనసభ్యుడు గాలాన్ని మెల్లగా కిందికి దించాడు. పక్కనే కూర్చున్న భార్య చేపను విడిపించి నీళ్ళలో వదిలి, ఆయన చెవిలో అంది:

"మీరు ఇంటికి తెచ్చేవి బజారు చేపలని నాకెప్పుడో తెలుసండీ. కడుగుతుంటే పొట్టలో ఐసు తగిలేది. పోనీలే పాపమని ఊరుకున్నా. మీరు దాన్ని చట్టం చేసేస్తారని నాకేం తెలుసు?"