గీర్, టక్, టక్

గీర్... టక్, టక్.

ముసలాయన చెంచా మళ్లీ కప్పు అంచును పొడుగ్గా గీసి, రెండుసార్లు కొట్టింది.

సున్నెవాకు ఒళ్లు మండింది. నానమ్మను మట్టిలో పెట్టి వచ్చి గంట కూడా కాలేదు. చర్చి పక్క హాల్లో ఎనభై మంది కాఫీ తాగుతున్నారు. చివరి బల్ల దగ్గరున్న ఈయనొక్కడికే ఇంత తొందరేమిటో.

"ఎవరు పెద్దమ్మా ఆయన?"

"నాకేం తెలుసు. పేపర్లో చావు కబురు చూసుకుని కేకుల కోసం వచ్చే బాపతు అయ్యుంటాడు," అంది యోరున్. "రేక్యావిక్‌లో ఇలాంటివాళ్లను బోలెడు మందిని చూశాను. అది నాలుగో చక్కెర అట్టు. చూస్తూనే ఉన్నా."

యోరున్ ఆ ఇంటి పెద్ద కోడలు, పట్నం నుంచి వచ్చిన మనిషి. నానమ్మ కొడుకులిద్దరూ ఎప్పుడో పోయారు. తొంభై ఆరేళ్లు బతికిన ఆవిడ ఇద్దర్నీ సాగనంపాకే తను బయల్దేరింది.

సున్నెవా కాఫీ కూజా పట్టుకుని వెళ్లింది.

"ఎవరి తాలూకు మీరు?" అని అడిగింది. ఈ వైపు కొత్త మనిషిని ముందు అడిగేది అదే.

"అవతలి ఒడ్డు తాలూకు."

"నానమ్మ తెలుసా మీకు?"

ఆయన కాస్త ఆలోచించాడు. "చూసింది రెండుసార్లే, అమ్మాయ్."

"కాఫీ కావాలంటే అడగొచ్చుగా. కప్పు పగులుతుంది."

తప్పు చేసినవాడిలా ఆయన చెంచా కింద పెట్టేశాడు.

"అలవాటు," అన్నాడు.

రెండే రెండుసార్లు చూసిన మనిషి కోసం సముద్రపు పాయంతా చుట్టి వచ్చాడంటే, పెద్దమ్మ అన్నదే నిజమేమో అనుకుంది సున్నెవా.

నిజానికి ఆమె మనసు అక్కడ లేదు. మూడు వారాలుగా ఎక్కడా కుదురుగా ఉండటం లేదు.

పక్షవాతం వచ్చి మాట పడిపోయాక కూడా నానమ్మ ఏదో అడుగుతూనే ఉంది. మంచం ఇనప పట్టీని గోటితో గీకేది. గీర్, గీర్, టక్. కాసేపాగి మళ్లీ గీర్, గీర్, టక్. నీళ్లా అంటే కాదని తల ఊపేది. దిండా, కాదు. పాస్టరును పిలవాలా, కాదు. నరాల బలహీనత అని తేల్చేసింది నర్సు. ఆఖరి రోజు ఆ చప్పుడు భరించలేక, సున్నెవా ఆ చేతిని తన రెండు చేతుల్లో గట్టిగా పట్టుకుని ఆపేసింది. సాయంత్రానికి ఆ చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

తనను పెంచి పెద్దచేసిన మనిషి ఏమడిగిందో కూడా తెలుసుకోలేకపోయానన్న బాధ ఆమెను లోపల తొలిచేస్తోంది.

ఒక్కొక్కరే లేచి నానమ్మ గురించి చెప్పారు. ముప్పై నాలుగేళ్లకే మొగుణ్ని సముద్రం తీసుకుపోతే నూట ఇరవై గొర్రెల్ని ఒంటిచేత్తో సాకిన సంగతి చెప్పారు. మంచులో కూరుకుపోయిన గొర్రెను తెచ్చి పొయ్యి పక్కన పడుకోబెట్టి, పాస్టరును చలి వసారాలో కూర్చోబెట్టిన సంగతి చెప్పారు. అందరూ నవ్వారు.

ఆఖర్న ముసలాయన లేచాడు.

"నేనూ ఒక్క మాట..."

"అయిదింటికల్లా హాలు ఖాళీ చెయ్యాలండీ," అంటూ యోరున్ మధ్యలోనే అందుకుంది. "అట్లు పొట్లం కట్టించమంటే కట్టిస్తాను, తీసుకెళ్లండి."

ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు.

ఆయన టోపీ పెట్టుకున్నాడు. నానమ్మ ఫోటో ఉన్న బల్ల దగ్గర ఆగి, చెక్క మీద గోటితో అదే చప్పుడు చేశాడు. గీర్, టక్, టక్. ఎవరో పలకాలన్నట్టు కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత వెళ్లిపోయాడు.

వంటింట్లో కప్పులు కడుగుతున్నా ఆ చప్పుడు సున్నెవాను వదల్లేదు. తనకు తెలియకుండానే సింకు అంచు మీద అలాగే గీసి కొట్టింది.

"మీ ఇంటికెందుకే ఫోను చేస్తున్నావు? ఎత్తేవాళ్లెవరూ లేరుగా," అంది పక్కన కప్పులు తుడుస్తున్న స్టెయిన్వోర్. ఈ తొంభై ఏళ్ల ముసలమ్మ ఒకప్పుడు పాయ మొత్తానికి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ నడిపింది.

"ఏం ఫోను?"

"పాత హ్యాండిలు తిప్పే ఫోను. పాయ చుట్టూ ఒకటే తీగ, ఇంటికో రకం గంట. ఒక పొడుగు, రెండు పొట్టి మోగితే మీ ఇల్లని లెక్క. ఎవరికి మోగినా అందరం ఎత్తి వినేవాళ్లం. ఇవాళ ఎవరు మోగించారు నీకు?"

"అవతలి ఒడ్డు ఆయనట. పొడుగాటి మనిషి."

ముసలమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"సెల్‌నెస్ ఇంటి హల్వార్డుర్. వచ్చాడా? నాతో ఒక్కరూ చెప్పలేదే," అంది. "మీ తాత పోయిన చలికాలం నుంచీ రోజూ సాయంత్రం పాలు పితికాక ఫోను. ఒకరోజు అతను మోగిస్తే, ఒకరోజు మీ నానమ్మ. గాలెలా ఉంది అనేవాడు. ఇటు తగ్గింది, అటో అనేది. అంతే. ఊరంతా చెవులప్పగించి వింటుంటే ఇంకేం మాట్లాడతారు? ఇరవై అయిదేళ్లు గాలి గురించే మాట్లాడుకున్నారు. తర్వాత ఆ తీగ పీకేసి ఎవరి ఫోను వాళ్లకిచ్చారు. ఎవరూ వినని ఫోన్లో ఏం మాట్లాడుకోవాలో పాపం ఇద్దరికీ తోచలేదు."

సున్నెవా తడిచేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"సెల్‌నెస్ గంట ఎలా ఉండేది?" అని అడిగింది.

స్టెయిన్వోర్ కాస్త గుర్తు చేసుకుంది. ముందున్న ఇనప పళ్లెం దగ్గరికి లాక్కుంది. దాని అంచు మీద గోటితో మెల్లగా మోగించింది.

గీర్, గీర్, టక్.